దొరసానుల అమ్మకాల నుంచి మేళా స్టాలు దాకా: మా లేసు పని చరిత్ర



ప్రతి ఏడాది నివేదికకు పొదుపు ఎంత, అప్పు ఎంత, తిరిగి కట్టింది ఎంత అని లెక్కలు రాసి ఇచ్చేవాళ్లం. ఈసారి మీటింగులో మీ పని చరిత్ర కూడా రాసివ్వండి అన్నారు. మాలో ఎక్కువ చదివినవాళ్లమంటే పదో తరగతి. చరిత్ర అంటే రాజులది, యుద్ధాలది అనుకునేవాళ్లం. కానీ కిందటేడు ఒక మేళాలో జరిగిన సంగతి మమ్మల్ని కుదిపేసింది. అందుకే ఈ వ్యాసం.

మేళా ఆఖరి రోజు సాయంత్రం. మా స్టాల్లో ఒక పెద్ద టేబుల్ క్లాత్ మిగిలిపోయింది. దాన్ని అతికినది మాలో ఒకరి మామ్మ. డెబ్బై దాటినావిడ, కళ్లద్దాలు పెట్టుకుని, పగటి వెలుతురులో గుమ్మం దగ్గర కూర్చుని నెల పైనే అతికింది. ఒకావిడ వచ్చి, బాగుందని చెప్పి, ఇది మెషిన్‌దా చేతిదా, ఏ ఊరిది, ఎప్పటి నుంచి చేస్తున్నారు అని వరసగా అడిగారు. చేతిదే అన్నాం. నరసాపురం వైపు పని అన్నాం. ఎప్పటి నుంచి అంటే మా మామ్మల కాలం నుంచి అన్నాం. అంతకు మించి చెప్పలేకపోయాం. ఆవిడ మేం చెప్పిన ధరలో సగానికి సగం కంటే తక్కువ అడిగారు. మళ్లీ మోసుకుని బస్సెక్కడం ఎందుకులే అని ఇచ్చేశాం.

ఇంటికొచ్చాక మామ్మ అడిగింది ఒకటే మాట. "దారం డబ్బులన్నా వచ్చాయా అమ్మా?"

దారం డబ్బులు వచ్చాయి. ఆవిడ చేతి డబ్బులే రాలేదు. ఆ రాత్రి మాకు ఎవరికీ నిద్ర పట్టలేదు. ఆ తర్వాత పెద్దవాళ్లను అడిగాం, తెలిసినవాళ్ల చేత పుస్తకాల్లో ఉన్నది చదివించుకున్నాం, మాకు అర్థమైనంత ఇక్కడ రాస్తున్నాం. తప్పులుంటే పెద్దలు సరిదిద్దాలి.

పని ఎలా వచ్చింది

మా గోదావరి డెల్టాకు తెల్లదొరలు వ్యాపారానికి ఎప్పుడో వచ్చారు. నరసాపురం ఓడరేవు ఊరు. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఇక్కడ బట్టలు కొని ఓడలకెక్కించారు. ఇక్కడ ఓడలు కూడా కట్టేవారు. 1830లలో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు నరసాపురం వచ్చారు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనరీల వల్ల లేసు పని మన ఆడవాళ్ల చేతికి వచ్చిందని చెబుతారు. అంటే ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలవకముందే అన్నమాట. కాటన్ దొర కట్టిన ఆనకట్ట అందరికీ తెలుసు. దాని కంటే పాత పని మన ఒళ్లో ఉందని మాకే తెలియదు.

ఈ పనికి మగ్గం అక్కర్లేదు, చోటు అక్కర్లేదు. చివర కొక్కెం ఉన్న ఒక సూది, ఒక నూలు ఉండ, రెండు చేతులు చాలు. ముందు గొలుసు కుట్టు వేస్తాం. గొలుసులోంచి గొలుసు లాగుతూ పువ్వులు, ఆకులు, చక్రాలు తీస్తాం. దారం కొసన ముడి జాగ్రత్తగా వేయకపోతే, లాగితే మొత్తం ఊడి వచ్చేస్తుంది. మా మామ్మలు పిల్లలకు నేర్పేటప్పుడు మొదట చెప్పేది ఈ మాటే.

ఇంకో సంగతి తెలిసి మాకు ఆశ్చర్యం వేసింది. సరిగ్గా ఆ కాలంలోనే ఐర్లాండు దేశంలో ఇదే పని ఆకలి నుంచి ఇళ్లను కాపాడింది. 1845లో అక్కడ బంగాళాదుంప పంటకు తెగులు పట్టింది. ఏళ్ల తరబడి కరువు. లక్షల మంది చనిపోయారు, లక్షల మంది ఓడలెక్కి వలస పోయారు. కార్క్ పట్టణం దగ్గర మఠంలోని సిస్టర్లు ఆడపిల్లలకు క్రోషా లేసు నేర్పారు. క్లోన్స్ అనే ఊళ్లో 1847లో పాస్టరు గారి భార్య పేద ఇళ్ల ఆడవాళ్లకు ఈ పని నేర్పించారు. ఆ లేసును డబ్బున్నవాళ్లకు అమ్మి, వచ్చిన దాంతో ఇళ్లు గడిచేలా చేశారు. క్లోన్స్ లేసు అని ఇప్పటికీ ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. మా ఊరికీ ఆ ఊరికీ ఎంత దూరమో మాకు తెలియదు గానీ, సూది ఒకటే, ఆకలి ఒకటే.

దయ చూపి కొన్న రోజులు

మొదట్లో లేసు సంతలో అమ్మిన సరుకు కాదు. దొరసానులు ఇక్కడి ఆడవాళ్ల చేత చేయించి, తమ దేశంలో తెలిసినవాళ్లకు పంపేవారు. అక్కడివాళ్లు పేద ఆడవాళ్లకు సాయం అని కొనేవారు. వచ్చిన డబ్బు ఇక్కడికి చేరేది. ఇప్పటి మాటలో చెప్పాలంటే అది విరాళాల అమ్మకం.

ఇందులో మంచి ఉంది. చేతిలో పైసా లేని ఆడమనిషికి సొంత సంపాదన వచ్చింది. బయట పొలం పనికి పంపని ఇళ్లలో కూడా ఆడవాళ్లు గడప దాటకుండా నాలుగు డబ్బులు చూశారు. కానీ ఒక చిక్కు కూడా అప్పుడే మొదలైందని మాకు అనిపిస్తుంది. కొన్నవాళ్లు పని నచ్చి మాత్రమే కాదు, జాలిపడి కొన్నారు. జాలికి ఇచ్చే డబ్బుకు లెక్క ఉండదు. ఎన్ని గంటలు పట్టింది, కళ్లు ఎంత నొప్పెట్టాయి అని ఎవరూ అడగరు. ఇచ్చిందే ఎక్కువ అనుకోవాలి. ఈ అలవాటు ఇప్పటికీ మేళాల్లో కనిపిస్తుంది. "పాపం ఆడవాళ్లు చేశారు, ఒకటి తీసుకుందాం" అంటూ వచ్చి, మళ్లీ బేరం ఆడతారు.

ఏజెంట్ల కాలం

1900 దాటాక ఈ పనిలోకి వ్యాపారులు వచ్చారు. అప్పటికే గోదావరి ప్రాంతంలో 2,000 మందికి పైగా ఆడవాళ్లు ఈ పనిలో ఉన్నారని పరిశ్రమల శాఖ వాళ్లు చెబుతారు. 1899 కరువును, 1929 నాటి ప్రపంచ మాంద్యాన్ని కూడా ఈ పని తట్టుకుని నిలబడింది. నరసాపురం, పాలకొల్లు ఊళ్లలో ఎగుమతి చేసే షావుకార్లు తయారయ్యారు. లేసు ఓడల మీద ఇంగ్లండు, అమెరికా, ఇంకా ఎన్నో దేశాలు వెళ్లింది.

మధ్యలో ఏజెంట్లు ఉండేవారు. ఏజెంటు దారం ఉండలు తూకం వేసి ఇస్తాడు. పని అయ్యాక మళ్లీ తూకం వేసి తీసుకుంటాడు. దారం తగ్గితే కూలిలో కోత. పని రెండు రకాలు. పువ్వులు, ముక్కలు చేయడం చేతిపని. ఆ ముక్కలన్నీ కలిపి దుప్పటిగానో టేబుల్ క్లాతుగానో చేయడం అతుకుపని. చేతిపని చేసినామెకు అతుకుపని చేసేదెవరో తెలియదు. అతుకుపని చేసినామెకు ఆ దుప్పటి ఏ దేశం వెళ్తుందో తెలియదు. ధర ఎంతో ఇద్దరికీ తెలియదు. మా మామ్మ అంటుంది, "నలభై ఏళ్లు అతికానే గానీ, నేను అతికింది ఒక్కటి కూడా ఎవరింట్లోనూ పరిచి ఉండగా చూడలేదు" అని.

1978, 79 ప్రాంతంలో జర్మనీ నుంచి మరియా మీస్ అనే ఆవిడ వచ్చి మన లేసు ఆడవాళ్ల గురించి పరిశోధన చేశారు. 1982లో నరసాపురం లేసు పనివాళ్ల మీద ఇంగ్లీషులో పుస్తకం వేశారు. ఇన్నాళ్లూ మన పేరు మీద ఒక పుస్తకం ఉందని మాకు తెలియకపోవడం సిగ్గనిపించింది. ఆవిడ రాసినదాంట్లో ముఖ్యమైన సంగతి ఇది. లేసు చేసే ఆడవాళ్లు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు సూది పట్టుకుంటారు, దాని మీద ఇంటి చాకిరీ మొత్తం ఉంటుంది. అయినా వాళ్లను ఎవరూ కార్మికులు అనరు. ఇంట్లో కూర్చుని తీరిక వేళ చేసుకునే పని అంటారు. తీరిక వేళ పని అన్నారు కాబట్టి కూలి కూడా అలాగే ఇచ్చారు. ఆ డబ్బుతోనే కొన్ని కుటుంబాలు పెద్ద ఎగుమతిదారులయ్యాయి.

ఇది చదివి వినిపించినప్పుడు మా మీటింగులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే జనాభా లెక్కలవాళ్లు వచ్చినప్పుడు ఏం పని చేస్తారమ్మా అంటే, మేమే "ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటాం" అని చెప్పాం. సూది చేతిలో ఉండగానే చెప్పాం.

డ్వాక్రా వచ్చాక

మన అందరికీ తెలిసిన చరిత్ర ఇక్కడి నుంచే. 1982లో కేంద్ర ప్రభుత్వం డ్వాక్రా పథకం తెచ్చింది. పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు ఒక గుంపుగా చేరి, ఒక పని పెట్టుకుని, సంపాదించుకోవాలని ఉద్దేశం. మన రాష్ట్రంలో అది నిజంగా ఊపందుకుంది 1992 తర్వాత. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ పోరాటం జిల్లా అంతా, రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు మిగిలింది కదా, దాన్ని పొదుపు చేద్దాం అని రోజుకు రూపాయి చొప్పున దాచడం మొదలుపెట్టారు. 1992లో నాబార్డు పొదుపు సంఘాలకు బ్యాంకు లింకేజీ మొదలుపెట్టింది. 2000లో వెలుగు ప్రాజెక్టు వచ్చింది. గ్రామ సమాఖ్యలు, మండల సమాఖ్యలు అలా తయారయ్యాయి. మా అమ్మలు ఆ రోజుల్లో సంఘంలో చేరినవాళ్లు. మేం వాళ్ల పుస్తకాల్లో పేర్లు మార్చుకుని వచ్చినవాళ్లం.

లేసు పనికి దీనివల్ల వచ్చిన పెద్ద మార్పు ఒక్కటే. దారం మాదయింది. ఇంతకుముందు దారం ఏజెంటుది, కాబట్టి సరుకు ఏజెంటుది. సంఘం అప్పుతో మేమే ఉండలు కొనుక్కున్నాక, చేసిన ముక్క మాది. ఎవరికి అమ్మాలో, ఎంతకు అమ్మాలో మేం అనుకోవచ్చు. నరసాపురం దగ్గర సీతారామపురంలో లేసు పార్కు పెట్టాక, కొత్త డిజైన్లు నేర్చుకునే చోటు కూడా దొరికింది.

కానీ దారం మాదైనంత మాత్రాన సంత మాది కాలేదు. ఒక పక్క చైనా మెషిన్ లేసు వచ్చి పడింది. చూడ్డానికి దూరం నుంచి ఒకేలా ఉంటుంది, ధర చాలా తక్కువ. 2020లో కరోనా వచ్చి ఎగుమతులు, మేళాలు అన్నీ ఆగిపోయాయి. ఇంట్లో ముక్కలు గుట్టగా పడి ఉన్నాయి. అప్పుడే మాలో ఇద్దరు సూది పక్కన పెట్టి రొయ్యల షెడ్డులో పనికి వెళ్లారు. ఇప్పటికీ వెనక్కి రాలేదు. వాళ్లను తప్పు పట్టం. అక్కడ సాయంత్రానికి కూలి చేతిలో పడుతుంది.

2024లో నరసాపురం క్రోషా లేసుకు జీఐ గుర్తింపు వచ్చింది. అంటే ఈ ప్రాంతంలో చేతితో చేసిన దాన్నే ఆ పేరుతో అమ్మాలి. అందరం సంతోషపడ్డాం. అయితే ఒక సంగతి అక్కచెల్లెళ్లు గమనించాలి. గుర్తింపు వచ్చిందని దానంతట అది మన ముక్క మీదకు రాదు. చేసేవాళ్లు వాడకందారులుగా విడిగా పేరు నమోదు చేసుకోవాలి. లేకపోతే ఆ ముద్ర కూడా షావుకారు అట్టపెట్టె మీదే ఉంటుంది, మన చేతుల్లో ఉండదు.

మేళాల్లో మేం నేర్చుకున్నది

ఢిల్లీ హాట్ 1994లో తెరిచారు. అక్కడ చేతిపనివాళ్లే వచ్చి, కొన్నాళ్లు స్టాలు పెట్టి, మధ్యవాళ్లు లేకుండా అమ్ముకోవచ్చు. సంఘాల ఆడవాళ్ల కోసం గ్రామీణాభివృద్ధి శాఖ సరస్ మేళాలు పెడుతోంది. మన దగ్గర డ్వాక్రా బజార్లు ఉన్నాయి. చేతిపనివాళ్లకు పహచాన్ కార్డు ఇస్తున్నారు, అది ఉంటే స్టాలు అడగడానికి వీలవుతుంది. ఇవన్నీ మన మామ్మలకు లేనివి.

మొదటి మేళాకు మేం దుప్పట్లు, టేబుల్ క్లాతులు, టీవీ కవర్లు పట్టుకెళ్లాం. ఇప్పుడు టీవీలు గోడకు వేలాడుతున్నాయి, వాటికి కవర్లు ఎవరు వేస్తారు? ఆ మాట మాకు అక్కడికి వెళ్లాకే తట్టింది. జనం ఆగి, ముట్టుకుని, అబ్బ ఎంత బాగుందో అని వెళ్లిపోయారు. మా పక్క స్టాల్లో కాలేజీ పిల్లలు తాళ్లతో అల్లిన కీచైన్లు, చేతి పట్టీలు అమ్ముతున్నారు. స్కూలు లైబ్రరీకి విరాళం కోసమట. రంగురంగుల నైలాన్ తాళ్లు. సాయంత్రానికి వాళ్ల బల్ల ఖాళీ. మా బల్ల నిండుగా ఉంది.

మా అమ్మాయిలు ఊరుకోలేదు. ఆ పిల్లల దగ్గర కూర్చుని ముడి నేర్చుకున్నారు. దాన్ని పారాకార్డ్ అంటారట. దాని చరిత్ర కూడా తెలుసుకున్నాం. నైలాన్‌ను 1935లో అమెరికాలో కనిపెట్టారు. 1940లో ఆడవాళ్ల మేజోళ్లుగా దుకాణాల్లోకి వచ్చింది. అంతకుముందు పారాచూట్లకు పట్టు వాడేవారు, ఆ పట్టు ఎక్కువగా జపాను నుంచి వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధంలో అది ఆగిపోయింది. అప్పుడు మేజోళ్ల నైలాన్ పారాచూట్లకు మళ్లింది. సైనికులు ఆ తాడును కోసి డేరాలు కట్టుకోవడానికి, మూటలకు, ఎన్నింటికో వాడారు. అసలు పారాకార్డ్ లోపల ఏడు పోగులు ఉంటాయి, పైన అల్లిన తొడుగు ఉంటుంది. ఎక్కువగా వాడే రకం 550 పౌండ్లు, అంటే సుమారు 250 కిలోల బరువు మోస్తుంది. అంగుళం పట్టీకి అడుగు తాడు పడుతుంది. కొసలు కోశాక నిప్పు చూపిస్తే కరిగి ముడి ఊడకుండా పట్టుకుంటుంది.

మేం కూడా కీచైన్లు మొదలుపెట్టాం. మన బజార్లో దొరికేది చాలా వరకు మామూలు తాడు. కోసి చూస్తే ఏడు పోగులు ఉండవు. ఒకసారి కొనడానికొచ్చిన అబ్బాయి, ఇది మనిషి బరువు మోస్తుందా అక్కా అని అడిగాడు. మాలో ఒకమ్మాయి మోస్తుంది అనబోయింది. పక్కనున్న పిన్ని ఆపి, "లేదు బాబూ, తాళాలకే" అంది. ఆ అబ్బాయి అయినా రెండు కొన్నాడు. తెలియనిది చెప్పి అమ్మకూడదని ఆ రోజే తీర్మానం రాసుకున్నాం. ఈ నియమం లేసుకు కూడా పెట్టుకున్నాం. మెషిన్ లేసు కలిపి అమ్మితే ఈ మేళాకు డబ్బులొస్తాయి, వచ్చే మేళాకు మొహం చెల్లదు.

ధర ఎలా కట్టాలి

టేబుల్ క్లాత్ సంగతి జరిగాక మేం మొదట నేర్చుకున్నది లెక్క. అందరికీ పనికొస్తుందని రాస్తున్నాం. అంకెలు లెక్క అర్థం కావడానికి మాత్రమే.

ఒక టేబుల్ రన్నర్‌కు దారం 120 రూపాయలు అనుకుందాం. రోజుకు 4 గంటల చొప్పున 5 రోజులు, అంటే 20 గంటల పని. గంటకు 30 రూపాయలు వేసుకుంటే 600. ఉతుకు, గంజి, ఇస్త్రీ, కవరు 60. మేళాకు వెళ్లిన చార్జీలు, తిండి, స్టాలు ఖర్చులో ఆ ముక్క వాటా 80. మొత్తం 860 రూపాయలు. ఇది లాభం కాదు, అసలు.

ఇప్పుడు బేరమాడి 300కు అడిగారు, ఇచ్చేశాం అనుకోండి. అందులోంచి దారం 120, ఉతుకు 60, మేళా వాటా 80 తీసేస్తే మిగిలింది 40 రూపాయలు. 20 గంటలకు 40. గంటకు రెండు రూపాయలు. దారం డబ్బులు వచ్చాయి కదా అనుకుంటాం. మామ్మల కాలం నుంచి మనం ఆగిపోయిన చోటు అదే.

కీచైన్ లెక్క చూడండి. తాడు 15, రింగు 5, ఇరవై నిమిషాల పనికి 10, మేళా వాటా 5. మొత్తం 35. 50కి అమ్మితే 15 మిగులు. జనం 50 రూపాయలకు బేరం ఆడరు. కాబట్టి స్టాలు ముందు వరసలో 50, 100 రూపాయల వస్తువులు పెట్టాలి. లేసుతోనే చేసిన చిన్న పువ్వులు, గ్లాసు మూతలు, పుస్తకంలో పెట్టుకునే గుర్తులు, చెవి రింగులు కూడా అక్కడే. వాటికి ఆగినవాళ్లకు వెనకున్న పెద్ద పని చూపించాలి. చూపించేటప్పుడు ఒకరు స్టాల్లోనే కూర్చుని సూది ఆడిస్తూ ఉండాలి. ఇది మేం చూసిన నిజం. చేతులు ఆడుతుంటే మెషిన్‌దా అని ఎవరూ అడగరు, బేరం కూడా తగ్గుతుంది.

విరాళాల అమ్మకాల గురించి

మా ఊరి చర్చిలో కోత పండుగకు ఇళ్ల నుంచి బియ్యం, కొబ్బరికాయలు, కోళ్లు, చేతిపనులు తెచ్చి ఇస్తారు. వాటిని పాట పాడి, వచ్చిన డబ్బు మంచి పనికి వాడతారు. గుడి అన్నదానానికి, స్కూలు గదులకు కూడా ఇలా అడుగుతారు. ఎవరు అడిగినా మన ఆడవాళ్లు కాదనరు. పేదరాలైనా పువ్వో ఆకో అల్లి ఇస్తుంది.

ఇవ్వడం మంచిదే, మానొద్దు. కానీ మా సంఘంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒక మనిషి తనంతట తాను ఇష్టపడి ఇచ్చేది ఆమె కానుక. సంఘాన్ని అడిగి సరుకు తీసుకుంటే మాత్రం దారం, కూలి మాకు ఇచ్చి, పైన వచ్చింది వాళ్లు వాడుకోవాలి. ఈ మాట మొదట చెప్పినప్పుడు, సేవకు కూడా కూలి అడుగుతారా అని ఒక పెద్దాయన అన్నారు. అప్పుడు మాలో ఒకక్క అంది, "బాబుగారూ, షామియానా అతనికి, మైకు అతనికి కూలి ఇచ్చారు కదండీ" అని. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ ఏడాది నుంచి ఇస్తున్నారు.

ఇప్పుడు మా ముందున్న ప్రశ్న

ఈ వ్యాసం ఇక్కడితో ఆపితే అంతా బాగున్నట్టు ఉంటుంది. బాగా లేదు. మా సంఘంలో 11 మందిమి. అతుకుపని పూర్తిగా వచ్చినవాళ్లం ముగ్గురమే. ఒకరు ఆ మామ్మ, ఆవిడకు చూపు తగ్గిపోతోంది. మా అమ్మాయిలు తాడు ముడులు గంటలో నేర్చుకున్నారు. లేసు కూర్చోబెట్టి నేర్పుదామంటే, దీనికి ఎంతొస్తుంది అంటున్నారు. తప్పు ప్రశ్న కాదు. మన మామ్మలు అడగాల్సింది అడగలేదు, పిల్లలు అడుగుతున్నారు.

లేసు మానేసి కీచైన్లే చేద్దామని మాలో కొందరు అన్నారు. రెండు మీటింగులు దీని మీదే వాదులాడుకున్నాం, ఒకసారి కన్నీళ్ల దాకా వచ్చింది. చివరికి ఇలా తీర్మానం రాసుకున్నాం. కీచైన్ల మిగులులో ఒక భాగం విడిగా పెట్టి, అతుకుపని నేర్చుకునే అమ్మాయికి నేర్చుకునే రోజులకు కూలిగా ఇవ్వాలి. నేర్పే మామ్మకు కూడా కూలి ఇవ్వాలి. అసలు ఖర్చు కంటే తక్కువకు ఏ ముక్కా అమ్మకూడదు, మిగిలిపోతే మోసుకుని తిరిగి రావాలి. ప్రతి పెద్ద ముక్కకు ఒక చీటీ కట్టి, దాని మీద చేతిపని చేసిన మనిషి పేరు, అతుకుపని చేసిన మనిషి పేరు రాయాలి.

సమాఖ్యను మేం కోరేది మూడు. ఒకటి, జీఐ వాడకందారులుగా లేసు చేసే ప్రతి సభ్యురాలి పేరు నమోదు చేయించడానికి సాయం చేయాలి. రెండు, మేళాకు వెళ్లేవాళ్లకు ధర కట్టే లెక్క ముందుగా నేర్పాలి. మూడు, సంఘం పుస్తకాల్లో సభ్యురాలి వృత్తి అన్న చోట గృహిణి అని రాయడం మానేసి, లేసు కార్మికురాలు అని రాయాలి. మూడోదానికి పైసా ఖర్చు లేదు.

మొన్న ఇంకో మేళాకు వెళ్లినప్పుడు మామ్మ అతికిన చిన్న టేబుల్ క్లాత్ ఒకటి పట్టుకెళ్లాం, చీటీ కట్టి. ఎప్పటి నుంచి చేస్తున్నారు అని ఒకాయన అడిగారు. ఈసారి 1844 నుంచి మొదలుపెట్టి చెప్పాం. ఆయన నిలబడి మొత్తం విన్నారు, చీటీ చదివారు, మేం చెప్పిన ధరకు కొంచెం తగ్గించమని అడిగారు. లెక్క చూపించి తగ్గించలేమన్నాం. వెళ్లిపోయారు. పోయిందే అనుకున్నాం. సాయంత్రం భార్యను తీసుకుని మళ్లీ వచ్చి కొన్నారు.

ఇంటికొచ్చి మామ్మ చేతిలో ఆవిడ కూలి పెట్టాం. లెక్కపెట్టుకుంది, రెండుసార్లు. తర్వాత దారం డబ్బులు వేరేగా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయి మామ్మా, అవి వేరే అన్నాం.

 మీ మీ ఊళ్లలో బుట్టలు అల్లేవాళ్లు, చాపలు నేసేవాళ్లు, బొమ్మలు చేసేవాళ్లు కూడా మీ పని చరిత్ర రాయండి. మన గురించి ఎక్కడో పుస్తకం వేశారని వినడం కాదు, మనం రాసుకున్నది మన పిల్లలు చదవాలి.